గాలి గోడను ఛేదించిన పాత బండి

2005లో ‘ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్’ అనే సినిమా వచ్చింది. ప్రపంచంలోకెల్లా వేగవంతమైన ఇండియన్ అని దాని అర్థం. పేరు వినగానే మన దేశపు పరుగుల వీరుడెవరి కథో అనుకుంటాం. కానీ ఇక్కడ ఇండియన్ అంటే మనిషి కాదు, మోటారు సైకిలు. దాన్ని నడిపినవాడు న్యూజిలాండ్ దేశస్థుడు, పేరు బర్ట్ మన్రో. సినిమాలో ఆయన పాత్రను ఆంథొనీ హాప్కిన్స్ పోషించాడు. దర్శకుడు రోజర్ డొనాల్డ్‌సన్.

కథ చాలా చిన్నది. న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఇన్వర్‌కార్గిల్ అనే ఊళ్ళో ఒక రేకుల షెడ్డు. అందులో గుండెజబ్బు ఉన్న ఒక వృద్ధుడు, ఆయన దగ్గర 1920 నాటి ఒక బండి. ఆ బండిని ఓడలో ఎక్కించుకుని అమెరికా వెళ్ళి, అక్కడి ఉప్పు మైదానం మీద ఎంత వేగంగా పోతుందో ఒక్కసారి చూసుకోవాలని ఆయన కోరిక. చేతిలో డబ్బు లేదు. పోటీకి ముందుగా పేరు నమోదు చేసుకోలేదు. బండికి సరైన బ్రేకులు కూడా లేవు. దారిలో ఎదురైన వాళ్ళందరూ తలా ఒక చెయ్యి వేసి ఆయనను గమ్యం చేరుస్తారు. చూసినవాళ్ళకు కళ్ళు చెమ్మగిల్లుతాయి.

ఈ వ్యాసం కన్నీళ్ళ గురించి కాదు. తయారైనప్పుడు గంటకు 55 మైళ్ళు, అంటే సుమారు 89 కిలోమీటర్లు మాత్రమే పోగలిగిన బండి, 47 ఏళ్ళ తర్వాత గంటకు 296 కిలోమీటర్ల వేగంతో ఎలా పోయింది? పెద్ద ఇంజన్ పెడితే సరిపోదా? ఈ ప్రశ్నలకు జవాబు వెతుకుదాం.

పేరు వెనుక సంగతి

ముందుగా పేరు చిక్కు విడదీద్దాం. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్నంలో 1901లో జార్జి హెండీ, ఆస్కార్ హెడ్‌స్ట్రామ్ అనే ఇద్దరు కలిసి మోటారు సైకిళ్ళ తయారీ మొదలుపెట్టారు. తమ బండికి ‘ఇండియన్’ అని పేరు పెట్టారు. అమెరికా ఖండపు ఆదివాసులను తెల్లవారు పిలిచిన పేరు అది. మన దేశంతో దానికి సంబంధం లేదు. ఆ సంస్థ తెచ్చిన ‘స్కౌట్’ అనే నమూనాను చార్లెస్ ఫ్రాంక్లిన్ అనే ఐరిష్ ఇంజనీరు రూపొందించాడు. దాని ఇంజన్ 600 సిసి. ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా రెండు సిలిండర్లు ఉండేవి.

1899లో పుట్టిన మన్రో 1920లో ఈ స్కౌట్‌ను కొన్నాడు. 1926 ప్రాంతంలో దాన్ని విప్పి మార్పులు చేయడం మొదలుపెట్టాడు. పగలు మోటారు సైకిళ్ళు అమ్మే ఉద్యోగం, రాత్రి షెడ్డులో పని. 1938లో తన దేశంలో మొదటి రికార్డు సాధించాడు. అయినా ఆగలేదు. బండి వేగం పెరిగేకొద్దీ ప్రకృతి ఆయన ముందు ఒక గోడను నిలబెట్టింది. అదే గాలి.

గాలి గోడ ఎలా అవుతుంది?

మీరు ఎప్పుడైనా వేగంగా పోతున్న బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఉంటారు (పెట్టకూడదు, అయినా అందరం చిన్నప్పుడు పెట్టినవాళ్ళమే). బస్సు నెమ్మదిగా పోతున్నప్పుడు గాలి అరచేతిని నిమురుతుంది. వేగం పెరిగితే చేతిని వెనక్కి విరిచినంత పని చేస్తుంది. ఎందుకు?

వేగం రెట్టింపయితే రెండు జరుగుతాయి. ఒక సెకనులో మీ చేతికి తగిలే గాలి పరిమాణం రెట్టింపవుతుంది. ఆ గాలి తగిలే జోరు కూడా రెట్టింపవుతుంది. రెండు రెళ్ళు నాలుగు. కనుక గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం మూడు రెట్లయితే నిరోధం తొమ్మిది రెట్లు.

ఇంజన్‌కు కష్టం ఇంతటితో తీరదు. సామర్థ్యం అంటే ఒక సెకనులో చేసే పని. బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. నిరోధ బలం వేగపు వర్గంతో పెరుగుతుంటే, దాన్ని ఎదుర్కొనే సామర్థ్యం వేగపు ఘనంతో పెరగాలి. అంటే వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల సామర్థ్యం కావాలి.

ఈ లెక్కను మన్రో బండికి వర్తింపజేద్దాం. 89 నుంచి 296 కిలోమీటర్లకు వెళ్ళడమంటే వేగం దాదాపు 3.3 రెట్లు. నిరోధం 11 రెట్లు. గాలిని చీల్చడానికి కావలసిన సామర్థ్యం 37 రెట్లు! బండి మీద నిటారుగా కూర్చున్న మనిషికి గాలి అడ్డుదల 0.6 చదరపు మీటర్లకు సమానమని ఒక అంచనా వేసుకుందాం. సముద్రమట్టం దగ్గర 89 కిలోమీటర్ల వేగానికి గాలి కోసం 7 అశ్వసామర్థ్యాలు చాలు. 296 కిలోమీటర్లకు సుమారు 270 కావాలి. పాత స్కౌట్ ఇంజన్ నుంచి అంత పిండడం అయ్యే పని కాదు.

గోడను బద్దలుకొట్టే బలం లేనప్పుడు, గోడనే సన్నం చేయాలి.

చేపను చూసి నేర్చుకోవాలి

నీటిలో పోయే చేపను గమనించండి. ముందు భాగం గుండ్రంగా, వెనుక భాగం పొడవుగా సన్నబడుతూ ఉంటుంది. ముందు భాగం వాడిగా ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. నిజానికి వెనుక భాగమే ముఖ్యం. వస్తువు ముందుకు కదిలినప్పుడు పక్కలకు తొలగిన గాలి, వెనుక మళ్ళీ మెల్లగా కలుసుకోవాలి. వెనుక భాగం మొండిగా ఉంటే గాలి కలుసుకోలేక సుడులు తిరుగుతుంది. అక్కడ పీడనం తగ్గుతుంది. ముందు ఎక్కువ పీడనం, వెనుక తక్కువ పీడనం. ఈ తేడాయే బండిని వెనక్కి లాగుతుంది.

అందుకే మన్రో తన బండికి చేప ఆకారంలో తొడుగు చేశాడు. తాను నిటారుగా కూర్చోక, ఇంజన్ వెనుక బోర్లా వాలి, ఆ తొడుగులో దాదాపు ఇమిడిపోయేవాడు. ఇలాంటి తొడుగు గాలి అడ్డుదలను ఐదో వంతుకు తగ్గిస్తుందనుకుంటే, పై లెక్కలో 270 అశ్వసామర్థ్యాలు కావలసిన చోట 54 చాలు. ఇది అందుకోగలిగిన అంకె. చక్రాలు నేల మీద దొర్లేటప్పుడు పోయే శక్తికి మరికొంత కలుపుకోవాలి.

షెడ్డులో పోత పోసిన పిస్టన్లు

సామర్థ్యం పెంచడానికి మన్రో ఇంజన్ లోపలంతా మార్చేశాడు. 600 సిసిని చివరకు 950 సిసి చేశాడు. పాత ఇంజన్‌లో కవాటాలు సిలిండర్ పక్కన ఉండేవి. గాలి, పెట్రోలు ఆవిరి మెలికలు తిరిగి లోపలికి రావలసి వచ్చేది. కవాటాలను సిలిండర్ తల పైకి మార్చాడు. దారి నేరుగా అయ్యింది, ఇంజన్ ఊపిరి బాగా పీల్చింది.

విశేషమేమంటే వీటిని ఆయన కొనలేదు. పాత డబ్బాలను మూసలుగా పెట్టుకుని పిస్టన్లు పోత పోసేవాడు. పాత వాహనపు ఇరుసు ఉక్కును చెక్కి కనెక్టింగ్ రాడ్లు చేసేవాడు. పాత స్పోకు ఒకటి ఆయన కొలత సాధనం. సహజంగానే చాలా భాగాలు విరిగిపోయేవి, కరిగిపోయేవి. ఎందుకో చూద్దాం.

ఎద్దుబండి చక్రానికి ఇనుప పట్టాను కాల్చి తొడగడం మీరు చూసే ఉంటారు. వేడికి లోహం సాగుతుంది, చల్లారితే బిగుస్తుంది. ఇంజన్‌లోనూ ఇదే జరుగుతుంది. కాకపోతే అల్యూమినియం పోత ఇనుము కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 70 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న అల్యూమినియం పిస్టన్ 200 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం 0.32 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే వ్యాసం ఉన్న ఇనుప సిలిండర్ 100 డిగ్రీలు వేడెక్కితే పెరిగేది 0.08 మిల్లీమీటర్లే. కనుక మధ్య ఖాళీ పావు మిల్లీమీటరు మేర తగ్గిపోతుంది. ముందుగా ఉంచిన ఖాళీ తక్కువయితే పిస్టన్ సిలిండర్‌కు పట్టేస్తుంది. ఎక్కువయితే మండిన వాయువు పక్కల నుంచి జారిపోయి సామర్థ్యం పోతుంది. ఇంట్లో కరిగించిన మిశ్రమంలో ఏ లోహం ఎంత పాలు ఉందో కచ్చితంగా తెలియదు. ఆ పాళ్ళు మారితే వ్యాకోచం కూడా మారుతుంది. కాబట్టి పోసి, నడిపి, విరగగొట్టి చూడడమే మార్గం.

కనెక్టింగ్ రాడ్ల బాధ మరొకటి. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజన్‌లో క్రాంకు వ్యాసార్ధం 4 సెంటీమీటర్లు అనుకుంటే, పై కొసన పిస్టన్ ఆగి వెనక్కి మళ్ళేటప్పుడు దాని త్వరణం గురుత్వ త్వరణానికి 1,600 రెట్లు దాటుతుంది. 300 గ్రాముల పిస్టన్ ఆ క్షణంలో దాదాపు 500 కిలోల బరువులా రాడ్‌ను లాగుతుంది. అది కూడా సెకనుకు వంద సార్లు! ఉక్కులో కంటికి కనబడని చిన్న పగులు ఉన్నా, ఈ లాగుడుకు అది పెరిగి పెరిగి ఒకరోజు ఫట్‌మంటుంది. దీన్నే లోహపు అలసట అంటారు.

టైరును ఎందుకు కోశాడు?

సినిమాలో ఒక సన్నివేశం అందరినీ నవ్విస్తుంది. మన్రో కత్తి పట్టుకుని టైరు మీది గాళ్ళను చెక్కేస్తుంటాడు. పగుళ్ళు కనబడకుండా బూటు పాలిష్ పూస్తాడు. పాలిష్ సంగతి అలా ఉంచండి, అది తనిఖీదారుల కళ్ళు కప్పడానికే. కత్తి పనిలో మాత్రం భౌతికశాస్త్రం ఉంది.

వడిసెలలో రాయి పెట్టి తిప్పితే అది బయటికి లాగుతుంది కదా. టైరు మీది ప్రతి రబ్బరు ముక్కా వడిసెలలోని రాయి లాంటిదే. బండి గంటకు 296 కిలోమీటర్లు పోతుంటే, 33 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రపు అంచున త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 2,100 రెట్లు ఉంటుంది. అంటే అక్కడ 10 గ్రాముల రబ్బరు ముక్క 21 కిలోల బరువుతో టైరును వీడి పోవడానికి ప్రయత్నిస్తుంది. టైరు మీద గాళ్ళు ఉన్నది తడి రోడ్డు మీద నీటిని పక్కకు తోయడానికి. ఎండిన ఉప్పు మీద వాటి అవసరం తక్కువ, బరువు మాత్రం ప్రమాదం. చెక్కేస్తేనే మేలు.

(మన రోడ్ల మీద తిరిగే బండికి ఈ లెక్క వర్తించదు. గాళ్ళు అరిగిపోయిన టైరు వర్షంలో ప్రాణం తీస్తుంది.)

ఉప్పు మైదానానికే ఎందుకు?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో బోన్‌విల్ ఉప్పు మైదానం ఉంది. మంచుయుగంలో అక్కడ ఒక మహా సరస్సు ఉండేది. అది ఇంకిపోయాక ఉప్పు మిగిలింది. ఉప్పు మళ్ళు చూసినవారికి ఆ దృశ్యాన్ని ఊహించడం తేలికే. చలికాలంలో పలుచగా నీరు నిలుస్తుంది, గాలి దాన్ని అటూ ఇటూ నెడుతుంది, ఎండాకాలంలో నీరు ఆవిరై ఉప్పు నున్నగా పరుచుకుంటుంది. ఏటా ప్రకృతే నేలను చదును చేస్తుందన్నమాట.

ఆ మైదానం సముద్రమట్టానికి సుమారు 1,280 మీటర్ల ఎత్తున ఉంది. వేసవి ఎండలో అక్కడి గాలి సాంద్రత సముద్రతీరంలో కంటే దాదాపు 15 శాతం తక్కువ. నిరోధం తగ్గుతుంది కదా, అందుకే వెళతారా? ఇక్కడే చాలామంది పొరబడతారు. ఇంజన్ పీల్చేది కూడా ఆ పలుచని గాలినే. ఆక్సిజన్ తగ్గినంత మేర సామర్థ్యమూ తగ్గుతుంది. మన్రో బండి లాంటి మామూలు ఇంజన్‌కు ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో తీసుకున్నట్టే.

అసలు లాభం పొడవులో ఉంది. బండి, మనిషి కలిపి 300 కిలోలు అనుకుందాం. గంటకు 296 కిలోమీటర్ల వేగంలో ఆ ద్రవ్యరాశి గతిజ శక్తి 10 లక్షల జౌళ్ళు. గాలికి పోగా మిగిలే సామర్థ్యం సగటున 15 కిలోవాట్లయితే, ఆ శక్తి కూడగట్టడానికి ఒక నిమిషానికి పైగా పడుతుంది. ఈలోగా బండి మూడున్నర కిలోమీటర్లకు పైగా పోతుంది. తర్వాత కొలిచే దూరం, ఆపై ఆగే దూరం. చిన్న ఇంజన్‌తో పెద్ద వేగం కావాలంటే అంత చదునైన నేల కావాలి. మన్రో ఊరికి దగ్గరున్న ఒరేటి బీచ్ ఇసుక మీద ఆయన ఎన్నోసార్లు బండి నడిపాడు. 

ఆ ఉప్పు శాశ్వతం కాదు. 2014లో నీరు నిలిచి, 2015లో ఉప్పు పొర బాగాలేక అక్కడి వార్షిక పోటీలు రద్దయ్యాయి.

బండి వణికితే

బాణానికి ఈకలు వెనుకే ఎందుకు కడతారు? గాలిపటానికి తోక ఎందుకు? బరువు కేంద్రం ముందుండి, గాలి నెట్టే కేంద్రం వెనుక ఉంటే వస్తువు కొంచెం పక్కకు తిరిగినా గాలే దాన్ని సరిచేస్తుంది. అటుదిటయితే, కొంచెం తిరిగినదాన్ని గాలి మరింత తిప్పుతుంది. తొడుగు వేసిన మోటారు సైకిలుకు ఈ ప్రమాదం ఎక్కువ. తొడుగు వల్ల వేగం వస్తుంది, అదే తొడుగు పక్కగాలికి తెరచాపలా పనిచేస్తుంది.

1967లో మన్రోకు ఈ అనుభవం ఎదురయింది. పరుగు మధ్యలో బండి ఊగడం మొదలుపెట్టింది. వేగం తగ్గించడానికి ఆయన పడుకున్నవాడల్లా లేచాడు. మనం పైన చెప్పుకున్న గాలి నిరోధాన్నే బ్రేకుగా వాడబోయాడన్నమాట. ఆ గాలి కళ్ళద్దాలను లాగేసింది, కళ్ళు తెరవనివ్వలేదు. ఒక ఉక్కు గుర్తు స్తంభాన్ని వెంట్రుకవాసిలో తప్పించుకుని, బండిని పక్కకు పడవేసి జారి ఆగాడు. ఒళ్ళు గీసుకుపోవడంతో బయటపడ్డాడు. అప్పటికి ఆయనకు 68 ఏళ్ళు.

సినిమా లెక్క, అసలు లెక్క

సినిమా చివర మన్రో గంటకు 201 మైళ్ళు దాటినట్టు చూపిస్తారు. అనేక యాత్రలను ఒకే యాత్రగా కుదించారు కూడా. కథకు అది అవసరం కావచ్చు. రికార్డు పుస్తకం చెప్పేది వేరు. బోన్‌విల్‌లో మన్రో మూడు రికార్డులు నెలకొల్పాడు: 1962లో గంటకు 288 కిలోమీటర్లు, 1966లో 270, 1967లో 295.45. 1966లో అంకె తగ్గినా, అది వేరే తరగతి రికార్డు. 1967లోనే అర్హత కోసం ఒకవైపు చేసిన పరుగులో గంటకు 305.89 కిలోమీటర్లు అందుకున్నాడు. అంతకంటే ఎక్కువ అంకె ఉండగా రికార్డులో తక్కువ అంకె ఎందుకు రాశారు?

ఒకవైపు పరుగుకు గాలి తోడుండవచ్చు. అందుకే నిర్ణీత వ్యవధిలోగా ఎదురుదిశలో మరోసారి పరుగెత్తి, రెండింటి సగటు తీస్తారు. వెళ్ళేటప్పుడు సాయపడిన గాలి వచ్చేటప్పుడు అడ్డుపడుతుంది. సగటులో ఆ ప్రభావం చాలావరకు రద్దవుతుంది. కొలతలో నిజాయితీ అంటే ఇదే.

ఆ సగటులో ఒక తప్పు దొర్లింది. మన్రో 1978 జనవరిలో మరణించాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళకు ఆయన కుమారుడు 1967 లెక్కను మళ్ళీ చూసి అందులో పొరపాటు ఉందని గుర్తించాడు. అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ 2014లో ఆ రికార్డును 183.59 మైళ్ళ నుంచి 184.087 మైళ్ళకు, అంటే గంటకు 296.26 కిలోమీటర్లకు సవరించింది. తేడా ఒక కిలోమీటరు కూడా లేదు. ఒక మైలు దూరం దాటే కాలంలో చూస్తే, సెకనులో ఇరవయ్యో వంతు. అయినా మనిషి పోయిన 36 ఏళ్ళకు లెక్కను సరిదిద్దారు.

మన బండికీ ఇదే సూత్రం

ఉప్పు మైదానానికి వెళ్ళకుండానే ఈ ఘన సూత్రాన్ని మీరు వాడుకోవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగాన్ని 60కి తగ్గించండి. గాలి కోసం కావలసిన సామర్థ్యం 58 శాతం తగ్గుతుంది. ప్రయాణం ఎక్కువసేపు పడుతుంది కనుక, కిలోమీటరుకు లెక్కిస్తే గాలి మీద ఖర్చయ్యే శక్తి 44 శాతం తగ్గుతుంది. పెట్రోలు మిగులుతుంది, ప్రాణానికీ భద్రత.

ఇక చివరగా ఒక మాట. మన్రో షెడ్డులో ఒక అలమర ఉండేది. విరిగిన రాడ్లు, కరిగిన పిస్టన్లు, పగిలిన భాగాలు అందులో వరుసగా పేర్చి, ‘వేగ దేవుడికి నైవేద్యాలు’ అని రాసి పెట్టుకున్నాడు. ఇదే డొనాల్డ్‌సన్ 1971లో మన్రో మీద తీసిన డాక్యుమెంటరీకి పేరయ్యింది. ఆయన వాటిని పారేయలేదు. ఏది ఎందుకు విరిగిందో చూసుకుని, మరొకటి చేసేవాడు. దాదాపు నలభై ఏళ్ళు ఇదే పని. ప్రయోగశాల అంటే తెల్లకోట్లు, ఖరీదైన యంత్రాలు అనుకునే పిల్లలకు సినిమాతోపాటు ఆ అలమరను కూడా చూపించండి. విరిగిన ముక్కను దాచుకుని, ఇది ఎందుకు విరిగిందని అడిగే అలవాటు ఉన్న చోటల్లా ప్రయోగశాల ఉన్నట్టే.